ఎర్రగడ్డ

‘ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదు’ అను సామెతను వినని తెలుగువాడు ఉండడు. తల్లికి సాటి దైవము లేదని నమ్మెడి ప్రజలే వంటింటి మూలనున్న యొక గడ్డను తల్లికంటె మిన్నగా పొగడినారు. ఇది కేవలము ప్రాసకొఱకు పుట్టిన మాటయా? లేక దీనియందు సత్యమేమైన కలదా? సామెతను విని తలయూపుట సులభము. దానిని పరీక్షించి చూచుట కొంత శ్రమ. ఉల్లి విషయమున ఆ శ్రమకు తగిన ఫలము కలదు. ఏలయన, ఈ గడ్డను గూర్చి జనులు చెప్పుకొను మాటలలో కొన్ని సత్యములు, కొన్ని సగము సత్యములు, మరికొన్ని ప్రాణాపాయము కలిగింపగల అసత్యములు. వాటిని వేరుచేసి తెలిసికొనుట విద్యావంతుల పని.

చిత్తూరు జిల్లాలో కుప్పమునకు సమీపమున గుడుపల్లె యను గ్రామము కలదు. బెంగుళూరునుండి చెన్నైకి పోవు రైలుమార్గము మీద ఆ పేరుగల స్టేషను ఉన్నది. ఆంధ్రప్రదేశము, కర్ణాటకము, తమిళనాడు అను మూడు రాష్ట్రముల సరిహద్దులును దగ్గఱపడు ప్రాంతమిది. అందుచే ఇచ్చటి సంతలలో ఒకే గడ్డకు మూడు పేరులు వినబడును. తమిళులు దానిని వెంగాయ మందురు. కన్నడిగులు ఈరుళ్ళి యందురు. తెలుగువారు ఎర్రగడ్డ యందురు. వెల్లుల్లి యీ సీమవారికి తెల్లగడ్డ. రంగునుబట్టి పెట్టిన యీ జంట పేరులు రాయలసీమయందు ఇంటింట వాడుకలో ఉన్నవి. కోస్తా జిల్లాలవారు ఉల్లిపాయ యనియు, తెలంగాణమువారు ఉల్లిగడ్డ యనియు అందురు. నీరుల్లి యను మాటయు కలదు. పేరులు వేఱైనను గడ్డ యొక్కటే, అది పెట్టించు కన్నీరు నొక్కటే.

కుప్పము, పుంగనూరు, మదనపల్లె ప్రాంతములలోని మెట్టభూములు చాలవఱకు వానమీద ఆధారపడినవి. తరతరములుగా ఈ నేలలలో రాగులు, వేరుసెనగ ముఖ్యమైన పంటలు. కావున ఇచ్చటివారికి రాగిసంగటి కేవలము ఒక వంటకము కాదు. అది వారి బలము. ఎసరులో కొంచెము బియ్యమో నూకయో ఉడికించి, దానిలో రాగిపిండిని పోసి, ఉండలు కట్టకుండ తెడ్డుతో కెలికి, చేతికి తడి చేసికొని ముద్దలుగా చుట్టుదురు. ఆ ముద్దకు తోడు పప్పో, పులుసో, వేరుసెనగ గింజల ఊరిబిండియో ఉండును. ఏది యున్నను లేకున్నను, ఒక పచ్చి ఎర్రగడ్డ మాత్రము ఉండవలసినదే. పొలములో పనిచేయు రైతు అంబలి త్రాగునపుడు గడ్డను నేలపై నుంచి పిడికిట గ్రుద్ది, పొరలు విడదీసి, ఉప్పుతోను పచ్చిమిరపకాయతోను నంజుకొనును. కత్తితో పని లేదు, పొయ్యితో పని లేదు. ఈ సంగటికిని ఎర్రగడ్డకును గల పొత్తు రుచికొఱకు మాత్రమే యేర్పడినదని చాలకాలము అందరును తలంచిరి. దానిలో మఱియొక లాభము దాగియున్నదని తరువాత తెలిసినది. ఆ సంగతి ముందు వచ్చును.

ఉల్లి పుట్టినిల్లు మధ్య ఆసియా యని వృక్షశాస్త్రజ్ఞులు చెప్పుదురు. అచ్చటినుండి అది తూర్పునకును పడమటికిని ప్రయాణము చేసినది. ఐగుప్తు దేశపు రాజైన నాలుగవ రామెసెస్ మూడువేల సంవత్సరములకు పూర్వము మరణింపగా, అతని శవమును భద్రపఱచినపుడు కనుగుంటలలో ఉల్లిగడ్డలను పెట్టిరి. క్రీస్తుకు పూర్వము ఐదవ శతాబ్దమున జీవించిన హెరొడోటస్ అను గ్రీకు చరిత్రకారుడు, గొప్ప పిరమిడ్డును కట్టిన కూలీలకు ముల్లంగి, ఉల్లి, వెల్లుల్లి కొఱకైన వ్యయము దానిమీద చెక్కబడియున్నదని తాను విన్న సంగతి వ్రాసెను. మన దేశమున ఆయుర్వేద గ్రంథములు దీనిని పలాండువను పేర పేర్కొన్నవి. ఐనను అందరును దీని నాదరింపలేదు. ఏడవ శతాబ్దమున భారతదేశమునకు వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్, ఈ దేశమున ఉల్లి వెల్లుల్లి తినువారు కొలదిమందియే యనియు, తినినవారిని ఊరివెలుపలికి పంపుదురనియు వ్రాసెను. నేటికిని వ్రతదినములలో దీనిని విడుచువారును, ఎన్నడును ముట్టనివారును కలరు. ఊరివెలుపల నిలిచిన గడ్డయే నేడు దేశమంతటను వంటిండ్లలో పీఠము వేసికొని కూర్చున్నది. ప్రపంచమున ఉల్లిని మిక్కిలిగా పండించు దేశములు భారతదేశము, చైనా.

మన రాష్ట్రమున ఉల్లికి కర్నూలు ప్రసిద్ధి. కడప జిల్లా మైదుకూరు ప్రాంతమున పండు కృష్ణాపురపు ఉల్లిని ‘కె.పి. ఉల్లి’ యందురు. అది సింగపూరు, మలేషియా వంటి దేశములకు ఎగుమతి యగుచున్నది. గుడుపల్లెకు పొరుగుననున్న కోలారు, చిక్కబళ్ళాపురము జిల్లాలలో ముదురు గులాబి రంగుగల చిన్న ఉల్లి పండును. ‘బెంగుళూరు రోజ్ ఉల్లి’ యను పేర దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. ఇట్లు ఒకవైపు కర్ణాటకపు గులాబి ఉల్లియు, మఱియొకవైపు రాయలసీమ ఉల్లియు చుట్టియుండగా, ఈ సీమవారి సంగటిముద్ద ప్రక్కన ఎర్రగడ్డకు చోటు దొరకుటలో వింత లేదు.

ఇక ఉల్లిలో నేమున్నదో చూడవలెను. నూరు గ్రాముల పచ్చి ఉల్లిని తీసికొన్నచో అందు దాదాపు 89 గ్రాములు నీరే. మిగిలినదానిలో తొమ్మిది గ్రాములకు పైగా పిండిపదార్థములు, ఒక గ్రామునకు కొంచెము మించిన మాంసకృత్తులు, రెండు గ్రాములకు లోపు పీచు ఉండును. క్రొవ్వు లేదన్నను తప్పు లేదు. అది ఇచ్చు శక్తి సుమారు 40 కెలోరీలు. ‘సి’ విటమిను సుమారు 7 మిల్లీగ్రాములు. ఈ యంకెలను చూచినవారికి కొంత నిరాశ కలుగవచ్చును. జామపండులో గాని, ఉసిరికాయలో గాని ఉన్న ‘సి’ విటమినుతో పోల్చినచో ఇది మిక్కిలి స్వల్పము. మాంసకృత్తులలో పప్పుతో సరిరాదు. ఇనుము విషయమున మునగాకుతో సరిరాదు. నాణెములను లెక్కించినట్లు పోషకములను లెక్కించినచో ఉల్లి పేదదే.

అయినను ‘సి’ విటమిను కొంచెమే యున్నను, వేఱొకటి దొరకని చోట ఆ కొంచెమే విలువైనదగును. పూర్వము సముద్రయానము చేయు నావికులు నెలల తరబడి ఎండు రొట్టెలు, ఉప్పు మాంసము తిని, చిగుళ్ళు వాచి, నెత్తురు కారి, స్కర్వీ యను వ్యాధితో మరణించుచుండిరి. తాజా ఆహారము లేకపోవుటయే దానికి కారణము. 1768వ సంవత్సరమున ఇంగ్లండునుండి బయలుదేరిన కెప్టెన్ కుక్, త్రోవలో మదీరా ద్వీపమున ఓడను ఆపి, ఉల్లిగడ్డలను సమకూర్చి తన నావికులకు పంచిపెట్టెను. నెలల తరబడి చెడక నిలువయుండు ఉల్లి అట్టి ప్రయాణములకు తగిన తోడు. పచ్చికూర దొరకని వేసవి దినములలో పేదవాని యింట ఉల్లి చేయు పనియు ఇట్టిదే.

ఉల్లి యొక్క అసలు ప్రత్యేకత దాని ఘాటులో ఉన్నది. కోయనంతవఱకు ఉల్లి కన్నీరు పెట్టింపదు. దానికి వాసనయు అంతగా ఉండదు. కత్తి తగిలిన వెంటనే రెండును పుట్టును. ఇది యెట్లు? ఉల్లిమొక్క నేలనుండి గంధకమును పీల్చి, దానిని కొన్ని పదార్థములుగా మార్చి కణములలో దాచుకొనును. ఆ కణములలోనే వేఱొక గదియందు ఒక ఎంజైము ఉండును. రెండింటికిని నడుమ సన్నని పొర అడ్డు. కత్తి దిగినపుడు పొర చినిగి రెండును కలియును. అప్పుడు గంధకముగల కొత్త పదార్థములు క్షణములో పుట్టును. వానిలో నొకటి వాయువై పైకెగసి కంటి తడిలో కరగి మంట పుట్టించును. ఆ మంటను కడిగివేయుటకు కన్ను నీరు కార్చును. ఈ కన్నీటి వాయువును పుట్టించుటకు రెండవ ఎంజైము కూడ అవసరమని 2002వ సంవత్సరమున జపాను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. పురుగులనుండియు, జంతువులనుండియు తన్ను రక్షించుకొనుటకు ఉల్లి చేసికొన్న యేర్పాటిది. వంటచేయువారిని ఏడిపించుట దాని ఉద్దేశము కాదు.

ఈ సంగతి తెలిసినచో వంటింటిలోని కొన్ని అలవాటులకు కారణము తెలియును. మొద్దుకత్తి కణములను చిదిమి ఎక్కువ వాయువును పుట్టించును. పదునైన కత్తి తక్కువ పుట్టించును. గడ్డను కొంతసేపు చల్లని నీటిలో నుంచినచో ఘాటు తగ్గును. వేడి తగిలినచో ఎంజైములు నశించును. అందుచే వేయించిన ఉల్లి కన్నులను మండింపదు, పైగా తీయగా నుండును. ఆ తీపి కొత్తగా వచ్చినది కాదు. ఘాటు చాటున దాగియున్న చక్కెరలే బయటపడును.

రంగులో కూడ ఉల్లికి ఒక గుణము కలదు. ఎర్రని, పసుపుపచ్చని ఉల్లిగడ్డలలో క్వెర్సెటిన్ అను పదార్థము ఉండును. తెల్ల ఉల్లిలో అది మిక్కిలి తక్కువ. గడ్డ పైపొరలలో ఎక్కువగాను, లోనికి పోవుకొలది తక్కువగాను ఉండును. శరీరమందు నిరంతరము జరుగు రసాయనిక చర్యలవలన కణములకు కలుగు హానిని ఇట్టి పదార్థములు కొంత అడ్డగింపగలవని ప్రయోగశాలలలో తేలినది. దీనివలన ఒక చిన్న బుద్ధి నేర్చుకొనవచ్చును. గడ్డను ఒలుచునపుడు ఎండిన పొట్టును మాత్రమే తీసివేయవలెను. తొందరపడి రెండు మూడు మంచి పొరలను చెత్తలో వేయరాదు. అట్లని, ఉల్లి తినుటచేతనే రక్తపుపోటు, గుండెజబ్బు నయమగునని చెప్పుట శాస్త్రమును మించిన మాట. వైద్యుడిచ్చిన మాత్రను మాని ఉల్లిని నమ్ముకొన్నవాడు ఆపదను కొనితెచ్చుకొనును.

ఇప్పుడు సంగటి ప్రక్కనున్న ఎర్రగడ్డ సంగతి చూడవలెను. రాగి గొప్ప ధాన్యము. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల సున్నము (కాల్షియము) ఉండును. ఇంతటి సున్నము మఱి యే ధాన్యమునందును లేదు. తెల్లబియ్యములో కంటె రాగులలో ఇనుము పెక్కురెట్లు ఎక్కువ. అయితే ఇందొక చిక్కు కలదు. ధాన్యములో ఇనుము ఉండుట వేఱు, అది రక్తములో చేరుట వేఱు. రాగులందు ఫైటిక్ ఆమ్లము, టానిన్లు అను పదార్థములు కలవు. ఇవి ఇనుమును పట్టుకొని ప్రేగులలో ఇంకనీయవు. పెట్టెలో ధనమున్నను తాళపుచెవి లేనివాని స్థితి వంటిది యిది. తాళము తీయు ఉపాయములు కొన్ని పూర్వులకు అనుభవముచే తెలిసినవి. రాగులను నానబెట్టి మొలకెత్తించుట ఒకటి. అంబలిని రాత్రియంతయు పులియబెట్టుట మఱియొకటి. రెండింటివలనను ఆ యడ్డు కొంత తొలగును. పులుపుగల కాయలను, పండ్లను భోజనముతోపాటు తినుట మూడవది; వానియందలి ‘సి’ విటమిను ఇనుము ఇంకుటకు తోడ్పడును.

నాలుగవ ఉపాయము ఉల్లి. పొరుగు రాష్ట్రములోని మైసూరు నగరమున 1950లో స్థాపింపబడిన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ కలదు. అచ్చటి శాస్త్రజ్ఞులు 2010లో ప్రకటించిన పరిశోధనలో వరి, జొన్న, పెసలు, సెనగలు అను నాలుగు ధాన్యములను తీసికొని, ఉల్లిని గాని వెల్లుల్లిని గాని చేర్చియు, చేర్చకయు, పచ్చిగాను ఉడికించియు పరీక్షించిరి. కడుపులోను ప్రేగులోను జరుగు జీర్ణక్రియను గాజుపాత్రలలో అనుకరించి, ఎంత ఇనుము, ఎంత జింకు శరీరము గ్రహించుటకు వీలుగా విడివడునో కొలిచిరి. ఉల్లి వెల్లుల్లి చేరినపుడు రెండు లోహములును ఎక్కువగా విడివడినవి. ఇనుము విషయమున ఈ పెరుగుదల ఒక్కొక్క ధాన్యమునకు ఒక్కొక్క విధముగా, నూటికి పది మొదలు డెబ్బది వఱకు ఉండెను. ఉల్లిలోని గంధక పదార్థములే దీనికి కారణమై యుండునని వారు భావించిరి. కన్నీరు పెట్టించు ఆ ఘాటే ఇచ్చట మేలు చేయుచున్నదన్నమాట.

ఈ ఫలితమును ఉన్నదున్నట్లుగా గ్రహింపవలెను. ఇది గాజుపాత్రలలో జరిగిన పరీక్ష. మనుష్యుని శరీరమందును సరిగా అంతే జరుగునని దీనివలన తేలదు. పరీక్షింపబడినవి వరి, జొన్న మొదలగునవి. రాగియు అట్టి ధాన్యమే, దానియందలి చిక్కును అట్టిదే. కాబట్టి సంగటితో ఎర్రగడ్డను నంజుకొను అలవాటునకు శాస్త్రము అనుకూలముగా నున్నదని చెప్పవచ్చును. తాము ఒక్క మిల్లీగ్రాము ఇనుమునైనను ఎక్కువగా ఇయ్యలేకపోయినను, ఎదుటి ధాన్యములోని ఇనుమును బయటికి రప్పించుటలో ఈ పొరలు సాయపడును. తనయందు ధనము లేకున్నను పొరుగువాని పెట్టె తెఱచుటకు తోడ్పడు నేర్పరి వంటిది ఉల్లి.

ఇంత చిన్న విషయమునకు ఇంత ప్రాముఖ్యమేల యని కొందఱడుగవచ్చును. 2019–21 సంవత్సరములలో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, మన దేశమున 15 మొదలు 19 ఏండ్ల వయసుగల బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత కలదు. అదే వయసు బాలురలో నూటికి 31 మందికి కలదు. అనగా తరగతిలో ఒక బల్లమీద కూర్చున్న ఐదుగురు బాలికలలో ముగ్గురికి ఈ లోపము ఉండవచ్చును. రక్తహీనతకు గాయముండదు, జ్వరముండదు. మెట్లెక్కినచో ఆయాసము వచ్చును. పాఠము వినుచుండగా కన్నులు మూతలు పడును. క్రింది కనురెప్పను లాగి చూచినచో ఎఱ్ఱగా నుండవలసిన లోపొర పాలిపోయి యుండును. ‘ఈ పిల్ల సోమరి’ యని పెద్దలు మందలింతురు. ‘నాకు చదువు రాదు’ అని పిల్ల తానే నమ్మును. నిజమునకు లోపము బుద్ధిలో లేదు, రక్తములో ఉన్నది. చదువు మానవలసి వచ్చిన బాలికలలో ఎందఱు ఇట్టి మందలింపుకు గుఱియైరో చెప్పజాలము.

దీనికి ఉల్లి యొక్కటియే మందు కాదు. బడులలో వారమునకొకమారు ఇచ్చు ఇనుము–ఫోలిక్ ఆమ్లపు మాత్రను తప్పక మ్రింగవలెను. నులిపురుగులకు, ముఖ్యముగా ప్రేగునకు కఱచుకొని రక్తమును పీల్చు కొంకిపురుగునకు, ఇచ్చు మందును వాడవలెను. పొలములో చెప్పులు లేక తిరుగరాదు. మునగాకు, తోటకూర, పప్పు, బెల్లము వేసిన వేరుసెనగ ఉండలు, అలవాటున్నవారు మాంసము, చేపలు తినవలెను. భోజనము చేసిన వెంటనే టీ త్రాగరాదు; టీలోని టానిన్లు ఇనుమును అడ్డగించును. ఈ సేనలో ఉల్లి ఒక పదాతి. అది సేనాపతి కాదు. కాని ప్రతిదినము, ప్రతి పూట, ఖర్చు లేకుండ పనిచేయు సైనికుడు. 2023లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వ పాఠశాలలలో మధ్యాహ్న భోజన పథకమునందు రాగిజావ నిచ్చుట ప్రారంభించిరి. గుడుపల్లె రైతు తరతరములుగా చేయుచున్న పని విలువను బడియు గుర్తించినట్లైనది.

ఉల్లి తిననివారు దీనివలన చింతింప నక్కఱలేదు. మతాచారమువలన గాని, ఒంటికి సరిపడకపోవుటవలన గాని దానిని విడిచినవారు సంగటి మీద నిమ్మకాయ పిండుకొనవచ్చును, ఉసిరికాయ పచ్చడి నంజుకొనవచ్చును, జామపండు తినవచ్చును. మేలు చేయు త్రోవలు పెక్కు కలవు. ఒకరి ఆచారమును మఱియొకరు ఎగతాళి చేయుట మాత్రము ఎవరి ఆరోగ్యమునకును మంచిది కాదు.

ప్రేగుల విషయమున కూడ ఉల్లి ఉపకారియే. ఆలుగడ్డ తన ఆహారమును పిండిగా దాచుకొనగా, ఉల్లి దానిని ఫ్రక్టాన్లు అను పదార్థముగా దాచుకొనును. మన చిన్నప్రేగు దీనిని జీర్ణము చేసికొనలేదు. అది చెక్కుచెదరక పెద్దప్రేగును చేరి, అచ్చట నివసించు కోటానుకోట్ల సూక్ష్మజీవులకు ఆహారమగును. ఆ సూక్ష్మజీవులలో మనకు మేలు చేయునవి దీనిని తిని వృద్ధిపొందును. ప్రేగు గోడలకు పోషణ నిచ్చు ఆమ్లములను తయారుచేయును. ఐతే ఇదే కారణముచేత కొందఱికి పచ్చి ఉల్లి తిన్నచో కడుపు ఉబ్బరించును. అట్టివారు కొంచెము తినవలెను, లేదా ఉడికించి తినవలెను. అప్పటికిని బాధించినచో మానవలెను. ఒకనికి మేలైనది అందరికిని మేలు కావలెనను నియమము లేదు. ఉల్లికాడలను పాఱవేయక వాడుకొనవలెను. గడ్డలో కంటె కాడలో ‘సి’ విటమిను ఎక్కువ, కంటికి మేలు చేయు కెరొటీను కూడ దానిలో ఉన్నది.

ఇక ఉల్లిని గూర్చిన అసత్యములు. చంకలో ఉల్లిగడ్డ పెట్టుకొన్నచో జ్వరము వచ్చునని బడి మానదలచిన పిల్లలు కొందఱు నమ్ముదురు. ఒంటి వేడిని పెంచు శక్తి ఉల్లికి లేదు. చంకకు వాసన పట్టుట తప్ప వేఱు ఫలముండదు. ఇది నవ్వులాట. తరువాతిది నవ్వులాట కాదు. జేబులో ఉల్లిగడ్డ ఉన్నచో వడదెబ్బ తగులదని పెక్కుమంది నమ్మి, నీరు త్రాగక ఎండలో తిరుగుదురు. వడదెబ్బనుండి కాపాడునవి నీడ, నీరు, ఉప్పు వేసిన మజ్జిగ, అంబలి, తలకు గుడ్డ. స్పృహ తప్పినవాని ముక్కుకడ ఉల్లిని పెట్టి కాలము గడపక, అతనిని నీడకు చేర్చి, ఒడలిని తడిగుడ్డతో చల్లబఱచి, ఆసుపత్రికి కొనిపోవలెను. కోసిన ఉల్లిని గదిలో నుంచినచో అది గాలిలోని రోగక్రిములను పీల్చునని మఱియొక మాట. అట్టి శక్తి యే గడ్డకును లేదు.

ఉల్లి పొట్టు క్రింద నల్లని పొడి కనబడుట కద్దు. అది యొక బూజు. 2021లో కోవిడ్ వ్యాధి విజృంభించిన దినములలో ‘బ్లాక్ ఫంగస్’ అను ప్రమాదకరమైన వ్యాధి ఈ నల్లని బూజువలననే వచ్చుచున్నదని పుకారు పుట్టి జనులను భయపెట్టెను. ఆ వ్యాధిని కలిగించునది వేఱొక జాతి బూజు. రెండింటికిని సంబంధము లేదు. కొంచెము నల్లపొడి యున్నచో ఆ పొరను తీసివేసి, గడ్డను కడిగి వాడుకొనవచ్చును. మెత్తబడి కుళ్ళినదానిని పాఱవేయవలెను. గడ్డలను తడి తగులకుండ, గాలి ఆడు చోట, నేలకు ఎత్తుగా ఉంచినచో చాలకాలము నిలుచును.

పశువులు గల యింటివారు తప్పక తెలిసికొనవలసిన సంగతి ఇంకొకటి కలదు. పుంగనూరు పొట్టి ఆవులకు పేరొందిన సీమ యిది. ఉల్లి ధర పడిపోయినపుడు గాని, గడ్డలు చెడినపుడు గాని వానిని గంపలకొలది ఆవుల ముందు పోయువారు కలరు. ఇది హానికరము. మనుష్యునకు మేలు చేయు ఆ గంధక పదార్థములే ఎక్కువైనపుడు పశువుల రక్తములోని ఎఱ్ఱకణములను పగులగొట్టును. ఆవు నీరసించును, మూత్రము ఎఱ్ఱబడును, ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోవును. కుక్కలకును పిల్లులకును పచ్చి ఉల్లి యేగాక ఉడికిన ఉల్లియు విషమే. మిగిలిన కూరను వానికి పెట్టుటకు ముందు ఆలోచింపవలెను. గొఱ్ఱెలు ఆవులకంటె కొంత తట్టుకొనగలవు. బాలికకు రక్తము పట్టుటకు తోడ్పడు గడ్డయే ఆవునకు రక్తహీనతను కలిగించును. ఏ పదార్థమును తనంత తాను అమృతము కాదు, విషము కాదు. తినువారినిబట్టి, తిను కొలతనుబట్టి అది అట్లగును.

సామెత కడకు మఱల వచ్చినచో, దాని యర్థము ఇప్పుడు కొంత స్పష్టమగును. తల్లి చేయు మేలు ఎట్టిది? ఆమె వైద్యురాలు కాదు. ఒక్కనాటి మందుతో రోగమును మాన్పదు. ప్రతిదినము ఎవరికిని కనబడకుండ, ఉన్నదానిని సరిపెట్టి, కొంచెమును ఎక్కువ చేసి, బిడ్డకు పట్టునట్లు పెట్టును. ఉల్లి చేయు మేలును అదే తీరుది. అది రోగములను మాన్పు మూలిక కాదు. చప్పిడి ముద్దను తినదగినదిగా చేయును, ధాన్యములోని సారము ఒంట పట్టుటకు సాయపడును, కూరలు దొరకని దినమున పళ్ళెమును ఖాళీగా ఉంచదు. తల్లికి పోటీగా కాక, తల్లి చేతికి సాయముగా ఉండుటయే దాని గొప్పతనము. సంగటిముద్ద ప్రక్కన ఎర్రగడ్డను ఉంచిన పూర్వులు గాజుపాత్రలను ఎఱుగరు. ఇనుమును కొలువ నేరరు. వారు తిని చూచి, బ్రతికి చూచి ఆ పొత్తును కుదిర్చిరి. దానిని పరీక్షించి, అందలి సత్యమును నిలుపుకొని, అసత్యమును విడుచుట నేటి విద్యార్థుల వంతు.

ప్రశ్నలు

1. ఉల్లికి తెలుగునాట వాడుకలో ఉన్న పేరులేవి? రాయలసీమయందు ‘ఎర్రగడ్డ’ యను పేరు ఎట్లు వచ్చినది?
2. ఉల్లిని కోసినపుడు కన్నీరు వచ్చుటకు కారణమేమి? వేయించిన ఉల్లి కన్నులను ఏల మండింపదు?
3. రాగులలో ఇనుము ఉన్నను అది శరీరమునకు సరిగా ఏల పట్టదు? దానికి గల ఉపాయములను వివరింపుడు.
4. మైసూరు శాస్త్రజ్ఞుల పరీక్షవలన ఏమి తేలినది? ఏమి తేలలేదు?
5. రక్తహీనతను గుర్తించుట ఎట్లు? దానిని పోగొట్టుకొనుటకు ఏమేమి చేయవలెను?
6. మీ యూర ఉల్లిని గూర్చి చెప్పుకొను నమ్మకములను సేకరించి, వానిలో పరీక్షకు నిలుచునవేవో, నిలువనివేవో వ్రాయుడు.